తుప్పు పట్టేది ఇనుమొక్కటేనా?

కంచరి అంటే కంచూ ఇత్తడీ కరిగించి బిందెలూ చెంబులూ చేసే పనివాడు. కంచరపాలెం పేరులో వినిపించేది ఆ మాటే. ఇవాళ ఆ పేరు చెబితే ఎవరికీ కొలిమి గుర్తుకురాదు. రైలుపట్టాలు, ఐటీఐ, పాలిటెక్నిక్, ఊర్వశి జంక్షన్, రైతుబజారు... మరీ మాట్లాడితే 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’ సినిమా గుర్తొస్తాయి. అయినా పాత ఇళ్ళ అటకల మీద ఇత్తడి సామాను ఇంకా ఉంటుంది. పండగ ముందు కిందికి దింపితే ఆకుపచ్చగా చిలుము. చింతపండూ, ఇంత ఉప్పూ వేసి తోమితే అది వదిలి బిందె మళ్ళీ బంగారంలా మెరుస్తుంది.

ఇత్తడికి చిలుము, ఇనుముకి తుప్పు. ఈ రెండోదాని గురించి విశాఖలో కాపురం ఉన్నవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. సముద్రపు గాలికి కిటికీ ఊచలు చూస్తుండగానే పొరలు పొరలుగా రాలిపోతాయి. 1933లో ఓడరేవు తెరుచుకున్న ఊరు ఇది. 1948లో ‘జల ఉష’ ఓడ నీళ్ళలోకి దిగిన ఊరు. 1992లో ఉక్కు కర్మాగారం జాతికి అంకితమైన ఊరు. ఇక్కడ ఇనుము చేసి అన్నం తినేవాళ్ళు ఉన్నట్టే, తుప్పుతో పోట్లాడి అన్నం తినేవాళ్ళూ ఉన్నారు.

ఇంతకీ ఆ తుప్పుకి కారణం ఎవరు? ఆక్సిజన్. తేమా, ఉప్పూ దానికి తోడుదొంగలు. మరి అదే ఆక్సిజన్‌ని రాత్రీ పగలూ లోపలికి పీల్చుకునే మనిషి ఒంటి మాటేమిటి? దానికి తుప్పు పట్టదా?

పడుతుంది. తీపి ఎక్కువైతే ఇంకా తొందరగా పడుతుంది.

రంగుల మేస్త్రి ఇల్లు

కంచరపాలెంలో ఇలాంటి ఇళ్ళకి కొదవలేదు. ఇంటి పెద్దాయన పోర్టులో పడవలకీ క్రేన్లకీ రంగులు వేసి రిటైరయ్యారు. కొడుకుది గాజువాక అవతల షిఫ్టు డ్యూటీ. ఈ వారం పగలు, వచ్చే వారం రాత్రి. కోడలు ఇల్లు చూసుకుంటూనే కుట్టుమిషను తొక్కుతుంది. మనవడు ఏడో తరగతి. పెద్దాయనకి షుగరు వచ్చి పదకొండేళ్ళు.

ఆ ఇంట్లో పంచదార డబ్బా పెద్దాయనకి అందనంత ఎత్తులో ఉంటుంది. బెల్లం డబ్బా మాత్రం పొయ్యి పక్కనే. ఎందుకంటే ఆయన నమ్మకం ఆయనది. “షుగరున్నోలు పంచదార తినకూడదు గానీ, బెల్లానికేటమ్మా? అది మందుతో సమానం” అంటారు. అనకాపల్లి అక్కడికి గంట ప్రయాణం. బెల్లం మార్కెట్టుకి దేశమంతా పేరున్న ఊరు. చెరకు మీద పరిశోధనకి 1913లోనే అక్కడ కేంద్రం పెట్టారు. అలాంటి ఊరి పక్కన పుట్టినవాడు బెల్లాన్ని అనుమానించడం అంటే తల్లిగారి ఊరిని అనుమానించినట్టే!

పొద్దున్న ఒక టీ. పదింటికి బడ్డీ దగ్గర స్నేహితులతో ఇంకొకటి. సాయంత్రం మరొకటి. కొడుకు రాత్రి డ్యూటీకి బయల్దేరేటప్పుడు అతనికి తోడుగా నాలుగోది. ఒక్కో గ్లాసులో రెండు చెంచాల తీపి. చెంచాకి అయిదు గ్రాములు వేసుకున్నా రోజుకి 40 గ్రాములు. అది తేనీటి లెక్క మాత్రమే. ఇలా విడిగా కలుపుకునే చక్కెరలు రోజు మొత్తం కేలరీల్లో పదో వంతు దాటకూడదనీ, అందులో సగానికి, అంటే సుమారు 25 గ్రాములకి తగ్గిస్తే మరీ మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఆ మాట షుగరు లేనివాళ్ళకి కూడా!

మనవడి లెక్క వేరు. బడి నుంచి వస్తూ తాగే కూల్‌డ్రింకులో నూరు మిల్లీలీటర్లకి పది గ్రాముల పైన పంచదార ఉంటుంది. పావు లీటరు సీసా ఖాళీ చేస్తే చాలు, రోజు కోటా అక్కడితో సరి. తాతకి వద్దన్న డబ్బా మనవడికి సీసాలో దొరుకుతుందన్న మాట.

మరి బెల్లం? అందులో కొంచెం ఇనుమూ, ఖనిజాలూ, చెరకు రసం నుంచి వచ్చిన ఫినాలిక్ పదార్థాలూ ఉన్న మాట నిజమే. ఈ ఫినాలిక్కులే ఆక్సీకరణని అడ్డుకునే గుణం ఉన్నవి. రంగు తేలేలా రసాయనం వేసిన పసుపుపచ్చటి దిమ్మ కన్నా నల్లబెల్లంలో అవి ఎక్కువ. కానీ దిమ్మలో ముప్పాతిక వంతు పైన చక్కెరే. రక్తంలోకి చేరాక అది అనకాపల్లి నుంచి వచ్చిందో, మిల్లు నుంచి వచ్చిందో ఒంటికి తెలియదు. కాపలావాడు ఒక్కడు, దొంగలు వందమంది. బెల్లం కథ అంతే.

కన్వేయర్ బెల్టు మీద కుప్ప

తిన్న తీపి ఒంట్లో ఏమవుతుంది? గ్లూకోజుగా మారి కణాల్లోకి వెళుతుంది. అక్కడ మైటోకాండ్రియా అనే బుల్లి కొలిముల్లో మండి శక్తి అవుతుంది. ఆ శక్తిని దాచుకునే నాణేన్ని ఏటీపీ అంటారు. 1929లో దాన్ని కనిపెట్టినవాళ్ళలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేస్తూ, కండరాల్లో శక్తి ఎక్కడ దాగుందో వెతికిన మనిషి ఆయన.

ఆ కొలిమి పనితీరు పోర్టులో కన్వేయర్ బెల్టు లాంటిది. గ్లూకోజు నుంచి ఊడిన ఎలక్ట్రాన్లు ఒక చేతి నుంచి ఇంకో చేతికి వరసగా వెళ్ళి, చివర్లో ఆక్సిజన్‌ని కలుసుకుని నీరుగా మారాలి. మామూలుగా అలాగే జరుగుతుంది. కానీ బెల్టు మోయగలిగిన దానికి మించి సరుకు కుమ్మరిస్తే? పక్కలకి రాలుతుంది. ఎలక్ట్రాన్లూ అంతే. వరస తప్పి దారిలోనే ఆక్సిజన్‌ని పట్టుకుంటాయి. అప్పుడు పుట్టేదాన్ని సూపరాక్సైడ్ అంటారు. జతలేని ఎలక్ట్రాన్ ఒకటి దాని దగ్గర ఉంటుంది. అందుకే దానికి స్థిమితం ఉండదు. పక్కన కొవ్వు కనిపిస్తే కొవ్వునీ, ప్రోటీన్ కనిపిస్తే ప్రోటీన్‌నీ చెడగొట్టే కొత్త కొత్త రసాయనాలకి అది దారి తీస్తుంది. ఇలాంటి దుడుకు కణాలకే ఫ్రీ రాడికల్స్ అని పేరు.

ముసలితనానికి ఇవే కారణమని 1956లో డెన్‌హామ్ హార్మన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త సిద్ధాంతం చేశాడు. ఒంట్లోనే వీటిని పట్టి నిర్వీర్యం చేసే ఎంజైము ఉందని 1969లో మెక్‌కార్డ్, ఫ్రిడోవిచ్‌లు చూపించారు. దాడి చేసేవి పెరిగి, కాపలా కాసేవి తగ్గిన స్థితికి ‘ఆక్సీకరణ ఒత్తిడి’ అన్న పేరు 1985లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మట్ సీస్ ద్వారా స్థిరపడింది. షుగరు జబ్బులో కళ్ళూ, కిడ్నీలూ, నరాలూ ఎందుకు దెబ్బతింటాయన్న ప్రశ్నకి న్యూయార్క్‌లో మైఖేల్ బ్రౌన్లీ బృందం వెతికిన జవాబు కూడా ఇక్కడికే వచ్చి ఆగింది. మితిమీరిన గ్లూకోజు, పొంగిపొర్లిన సూపరాక్సైడ్... దెబ్బతినే దారులు వేరువేరుగా కనిపించినా చాలావాటికి మొదలు అదేనని వాళ్ళు వాదించారు.

ఇంకో సంగతి. పెనం మీద దోసె ఎర్రగా కాలుతుంది చూడండి. చక్కెరా ప్రోటీనూ వేడికి అతుక్కోవడం వల్ల వచ్చే రంగు అది. 1912లో మయార్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఈ చర్యని వివరించాడు. ఒంట్లో పెనం లేదు గానీ, అదే పని నెమ్మదిగా, ఏళ్ళ తరబడి జరుగుతుంది. రక్తంలో ఎర్రరంగునిచ్చే హిమోగ్లోబిన్‌కి చక్కెర అతుక్కుంటుంది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష కొలిచేది ఆ అతుకునే. అంటే ఆ కాగితం మీద అంకె, మనిషి లోపల ఎంత ‘కాలాడో’ చెప్పే అంకె అన్నమాట. అదే చక్కెర కంటి కటకానికీ, రక్తనాళాల గోడలకీ కూడా అతుక్కుంటుంది. వాటికి నెలనెలా పరీక్ష ఉండదు. చూపు మసకేశాకే తెలుస్తుంది.

మొక్కకి గొడుగు ఎవరు పట్టారు?

మనిషికి ఎండగా ఉంటే నీడకి జరుగుతాడు. మొక్క జరగలేదు. పొద్దస్తమానం ఎండలో నిలబడే ఆహారం వండుకోవాలి. ఆ వంటలో పుట్టే ఆక్సిజన్ ముందు దాని ఆకులోనే పోగవుతుంది. అంటే తుప్పు భయం మనిషి కన్నా మొక్కకే ఎక్కువ. అందుకే అది తన రక్షణ తానే తయారుచేసుకుంది. ఆకులో కెరోటినాయిడ్లు, నేరేడు తొక్కలో ఊదారంగు ఆంథోసయనిన్లు, ఉసిరిలో విటమిన్ సి, వగరు టానిన్లు, పసుపు కొమ్ములో కుర్‌క్యుమిన్, టీ ఆకులో కాటెకిన్లు, ఉల్లిపాయలో క్వెర్సెటిన్. నాలుక మీద వగరు, చేదు, కారం, కంటికి ముదురు రంగు... చాలాసార్లు వీటి గుర్తులే.

ఓడ అడుగున జింకు దిమ్మలు బిగిస్తారు. ఉప్పునీరు ముందు ఆ జింకుని తింటుంది, ఉక్కు జోలికి రాదు. జింకు అరిగిపోయాక కొత్తది బిగిస్తారు. రంగుల మేస్త్రికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. విటమిన్ సి లాంటివి అచ్చంగా ఆ జింకు పనే చేస్తాయి. తామే ఆక్సీకరణకి గురై పక్కవాటిని కాపాడతాయి.

మిగతా మొక్కల పదార్థాల సంగతి ఇంత తేలిక కాదు. వాటిలో చాలావరకు పేగు దాటి రక్తంలోకి చేరేది బహు తక్కువ. మరి మేలెలా? అవి ఒంటికి చిన్న చురక పెడతాయనీ, ఆ చురకకి కణం మేలుకుని తన సొంత రక్షణ ఎంజైములని ఎక్కువగా తయారుచేస్తుందనీ పరిశోధకులు ఇప్పుడు అనుకుంటున్నారు. కాపలావాళ్ళని బయటి నుంచి పంపడం కాదు, ఇంట్లో నిద్రపోతున్న కాపలావాళ్ళని తట్టి లేపడం. తట్టడానికి వేలు చాలు. గునపం అక్కర్లేదు. ఈ ముక్క గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

తార్నాకలో ఎలుకలు చెప్పిన నిజం

హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ ఒక చిన్న గదిలో మొదలుపెట్టిన పరిశోధన అది. 1958లో హైదరాబాద్ చేరింది. తెలుగువాళ్ళ పోపులపెట్టెలో ఉన్న పసుపునీ, అల్లాన్నీ, పెరట్లో ఉసిరినీ షుగరు జబ్బు కళ్ళజోడు పెట్టుకుని చూసిన చోటు కూడా అదే.

అక్కడ భానుప్రకాశ్ రెడ్డి బృందం ఎలుకల్లో కృత్రిమంగా మధుమేహం తెప్పించి, కొన్నింటి మేతలో పసుపు, కొన్నింటిలో కుర్‌క్యుమిన్ కలిపింది. షుగరున్న ఎలుకలకి మామూలుగానే కంట్లో శుక్లం వస్తుంది. పసుపు తిన్న వాటిలో ఆ శుక్లం ముదరడం ఆలస్యమైంది. 2005లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. 2007లో ఉసిరి, దాని టానిన్లతోనూ ఇలాంటి ఫలితమే వచ్చింది. తరవాత అల్లంతోనూ వచ్చింది.

ఇక్కడిదాకా చదివి చాలామంది పేపరు మడిచేస్తారు. “చూశావా, పసుపు షుగరుకి మందు!” అంటారు. కానీ ఆ పరిశోధనల్లోనే ఇంకో మాట ఉంది. పసుపు గానీ ఉసిరి గానీ ఆ ఎలుకల రక్తంలో చక్కెరని మామూలు స్థాయికి దించలేదు. చక్కెర చక్కెరలాగే ఉంది. అది చేసే పాడు మాత్రమే కొంత నెమ్మదించింది. అదీ శుక్లం రాకుండా ఆగలేదు, వెనక్కి జరిగింది.

అంతకుముందు 2003లో అదే సంస్థలో చేసిన పని ఇంకా గమ్మత్తైనది. గాలక్టోజ్ అనే చక్కెరని దండిగా కలిపిన మేత పెట్టి ఎలుకలకి శుక్లం తెప్పించారు. మేతలో 0.002 శాతం కుర్‌క్యుమిన్ కలిపితే శుక్లం రావడమూ ముదరడమూ ఆలస్యమయ్యాయి. బాగుంది కదా, అయిదింతలు చేసి 0.01 శాతం కలిపారు. మొదలవడం కాస్త ఆలస్యమైంది గానీ, ముదరడం మాత్రం అసలు కుర్‌క్యుమిన్ తినని ఎలుకల కన్నా వేగంగా జరిగింది! వేలితో తట్టమంటే గునపంతో పొడిచినట్టయింది. తాళింపులో చిటికెడు వేసిన అమ్మమ్మలకి శాతాల లెక్క తెలియదు. కానీ చిటికెడు అన్న మాట తెలుసు.

ఎలుక మనిషి కాదు. అక్కడి ఫలితం ఇక్కడ అలాగే వస్తుందన్న హామీ లేదు. కాకపోతే ఏ దిక్కుకి చూడాలో అది చెబుతుంది.

డబ్బాలో దిగిన భాగ్యం

మళ్ళీ పెద్దాయన దగ్గరికి వద్దాం. పొద్దున నడకలో పరిచయమైన ఒకాయన ఒక డబ్బా చేతిలో పెట్టాడు. రెండు వేల పైన ఖరీదు. పైన ఆకులూ పళ్ళూ బొమ్మలు. ‘యాంటీ ఆక్సిడెంట్లతో ఒంట్లో విషాలు మాయం’ అని పెద్దక్షరాలు. ఉసిరి, పసుపు, మునగ, ద్రాక్షగింజ, గ్రీన్ టీ... అన్నిటి సారమూ ఒక్క చెంచాలోనట. “మొక్కల మందు. సైడెఫెక్టులుండవు బాబూ” అన్నాడాయన.

పెద్దాయన మొదటి నెల మాత్రలూ చెంచా పొడీ రెండూ వేసుకున్నారు. రెండో నెల రాత్రి మాత్ర మానేశారు. మూడో నెలకి పొద్దున్నదీ మానేశారు. ఒంట్లో తుప్పే పోతుంటే మాత్రలెందుకని ఆయన లెక్క. కాఫీలో బెల్లం మాత్రం మానలేదు. ఎలాగూ పొడి ఉంది కదా!

ఈ లెక్క కంచరపాలెం పెద్దాయన ఒక్కడిదే కాదు. ప్రపంచంలో పెద్ద పెద్ద డాక్టర్లే ఒకప్పుడు ఇలాగే ఆశపడ్డారు. పళ్ళూ కూరలూ ఎక్కువ తినేవాళ్ళకి జబ్బులు తక్కువగా వస్తున్నాయి, వాటిలో బీటా కెరోటిన్ ఉంది, కాబట్టి బీటా కెరోటిన్ మాత్ర ఇస్తే సరి అనుకున్నారు. ఫిన్లాండులో 29,133 మంది పొగతాగే మగవాళ్ళ మీద పరీక్షించారు. 1994లో ఫలితం చూసి అందరూ అవాక్కయ్యారు. మాత్ర మింగినవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్లు 18 శాతం ఎక్కువ! అమెరికాలో అలాంటిదే ఇంకో ప్రయోగాన్ని నష్టం కనిపించడంతో 1996లో మధ్యలోనే ఆపేశారు. గుండెజబ్బు ముప్పున్నవాళ్ళకి విటమిన్ ఈ ఇచ్చి చూసిన పెద్ద ప్రయోగంలో 2000లో తేలింది, లాభం లేదని.

షుగరుకి దగ్గరైన సంగతి ఇంకొకటి. వ్యాయామం చేస్తే ఇన్సులిన్ బాగా పనిచేస్తుందని అందరికీ తెలుసు. జర్మనీలో మైఖేల్ రిస్టో బృందం కొందరు కుర్రాళ్ళ చేత వ్యాయామం చేయించి, సగంమందికి రోజూ విటమిన్ సి, ఈ మాత్రలు పెద్ద మోతాదులో ఇచ్చింది. 2009లో తేలినదేమంటే, మాత్రలు మింగినవాళ్ళకి ఇన్సులిన్ విషయంలో వ్యాయామ ఫలం దక్కలేదు. చెమటోడ్చినప్పుడు పుట్టే కొద్దిపాటి ఫ్రీ రాడికల్సే ఒంటిని మేలుకొలిపే పిలుపు. మాత్ర ఆ పిలుపుని వినపడకుండా చేసింది. పొద్దున్నే నడిచొచ్చి డబ్బా పొడి కలుపుకు తాగేవాళ్ళు ఆలోచించాల్సిన ముచ్చట ఇది.

ఏ పండులో ఎన్ని ‘యాంటీ ఆక్సిడెంట్ పాయింట్లు’ ఉన్నాయో చెప్పే పట్టిక ఒకటి అమెరికా వ్యవసాయ శాఖ దగ్గర ఉండేది. డబ్బాలు అమ్మేవాళ్ళకి అది పండగైపోయింది. గాజుగొట్టంలో కొలిచిన అంకెకి ఒంట్లో జరిగేదానితో సంబంధం తేలలేదనీ, కంపెనీలు దాన్ని దుర్వినియోగం చేస్తున్నాయనీ 2012లో ఆ శాఖే పట్టికని తీసేసింది. పట్టిక పోయింది గానీ డబ్బా మీద అంకెలు పోలేదు.

సైడెఫెక్టులుండవన్న మాటా పూర్తి నిజం కాదు. 1998లో బెంగళూరు పరిశోధకులు కుర్‌క్యుమిన్‌తో పాటు మిరియాల్లోని పైపెరిన్ ఇస్తే మనుషుల ఒంట్లోకి అది ఎన్నో రెట్లు ఎక్కువ చేరుతుందని చూపించారు. వంటలో అది వరమే. కానీ అదే కిటుకుతో చిక్కటి సారాన్ని గుళికల్లో కూరి అమ్ముతున్నారు. పసుపు గుళికల వాడకంతో కాలేయం దెబ్బతిన్న కేసులు అమెరికాలో నమోదయ్యాయి. చారులో పసుపు వేసుకున్నవాళ్ళకి ఆ భయం లేదు.

“మీరే అనేవోరు కదా...”

మూడు నెలల పరీక్ష కాగితం కోడలి చేతికొచ్చింది. ఏడున్నర దగ్గర ఉండే అంకె తొమ్మిది దాటింది. డాక్టరు తిట్టలేదు. మాత్రలు మానేశారా అని ఒక్క మాట అడిగారు. పెద్దాయన కిటికీ వైపు చూశారు.

ఇంటికొచ్చాక కోడలు డబ్బా దాచలేదు, పారెయ్యలేదు. ఎదురుగా పెట్టి అడిగింది. “మావయ్యగారూ, ఓడకి రంగెయ్యాలంటే ముందేటి సేసేవోరు?”

“తుప్పు గీకాల. సుత్తితో కొట్టి, బ్రష్షుతో రుద్ది, ఉక్కు తెల్లగా కనిపించేదాకా గీకాల.”

“గీకకుండా ఎంత మంచి రంగేసినా ఎన్నాళ్ళుంటాది?”

“ఎన్నాళ్ళేటమ్మా, మూడు నెల్లకి పెచ్చులూడిపోద్ది. లోపల తుప్పు తినేస్తానే ఉంటాది” అనేసి ఆయన ఆగిపోయారు. మూడు నెలలన్న మాట ఆయనకే తగిలినట్టుంది. కాసేపాగి “మాత్రలెక్కడెట్టినావు?” అన్నారు.

తీపి తగ్గించడం, మాత్ర వేళకి వేసుకోవడం, నడవడం... ఇది గీకుడు పని. ఆకుకూరా పసుపూ ఉసిరీ... ఇది రంగు. గీకినచోట రంగు నిలుస్తుంది. గీకకుండా వేస్తే రంగు దండగ. అలాగని గీకి ఊరుకున్నా చాలదు, సముద్రపు గాలి రోజూ వీస్తూనే ఉంటుంది కదా. రెండూ కావాలి. వరస తప్పకూడదు, అంతే.

రైతుబజారు మందులషాపు కాదు గానీ...

డబ్బా ఖరీదు పెట్టి కంచరపాలెం రైతుబజారులో కూరలు కొంటే ఎన్ని వారాలొస్తాయో కోడలు లెక్క వేసింది. తోటకూర, గోంగూర, పొన్నగంటి, మునగాకు కట్టలు. వేసవిలో చింతచిగురు, వానాకాలం మొదట్లో నేరేడు, చలికాలం ఉసిరి. ఏడాది పొడుగునా జామ. జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 ఆహార పదార్థాలకి పట్టికలు అచ్చువేసింది. వాటిలో జామ, ఉసిరి రెండూ నూరు గ్రాములకి 200 మిల్లీగ్రాములు దాటి విటమిన్ సి ఇచ్చేవే. జామపండుకి డబ్బా లేదు, బొమ్మ లేదు. అందుకే దానికి గౌరవం లేదు.

అయితే ఎలా తింటున్నామన్నది కూడా ముఖ్యమే. జామపండు కొరికి తింటే పీచు వల్ల చక్కెర మెల్లగా దిగుతుంది. అదే రసం పిండి వడగట్టి, రెండు చెంచాలు పంచదార జల్లితే మొక్క ఇచ్చిన గొడుగుని విరిచి పారేసినట్టే. ఉసిరి ముక్క తిన్నా, పచ్చడిగా నంజుకున్నా ఒకటి. పాకంలో నానబెట్టిన ఉసిరి మురబ్బా మరొకటి. దానిలో ఉసిరి కన్నా పాకమే ఎక్కువ.

చోడి అంబలి సంగతీ అంతే. ఉత్తరాంధ్ర పల్లెల్లో పొలానికి వెళ్ళేవాళ్ళని నిలబెట్టింది అదే. చోళ్ళ రాగిరంగు పైపొరలోనే ఫినాలిక్కులు ఎక్కువ. గింజ చిన్నది, పొర తీయకుండా ఆడించుకుంటారు కాబట్టి అవి పిండిలోనే ఉండిపోతాయి. పాలిష్ పట్టిన బియ్యంలో ఆ పొర తవుడై పశువులకి పోతుంది. కానీ చోడిపిండి మెత్తగా ఆడించి, పల్చగా జావ కాచి, బెల్లం వేసి ‘మాల్ట్’ అని తాగితే షుగరు గబుక్కున ఎక్కుతుంది. చోడి మంచిది కదా అని మూడు గ్లాసులు తాగేస్తే ఇంకా ఎక్కుతుంది. మజ్జిగా ఉల్లిపాయా వేసుకున్న ఒక గ్లాసు అంబలికీ దీనికీ తేడా అదే.

రాత్రి డ్యూటీ చేసేవాళ్ళకి ఇంకో చిక్కు. షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళకి షుగరు వచ్చే అవకాశం కొంత ఎక్కువని ఎన్నో దేశాల లెక్కలు కలిపి చూసినవాళ్ళు తేల్చారు. అర్ధరాత్రి రెండింటికి ఒంటికి అది నిద్రవేళ, క్యాంటీన్‌కి అది టీ వేళ. ఇంట్లో పెద్దాయన జబ్బు కొడుక్కి రాకుండా ఉండాలంటే అతని టిఫిన్ డబ్బాలో ఏముందన్నది తండ్రి మాత్రల కన్నా చిన్న విషయం కాదు. వేయించిన శనగలూ, ఒక జామకాయా, తీపి లేని టీ. కోడలు మొదలుపెట్టింది అక్కడి నుంచే.

దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందనీ, ఇంకో 13.6 కోట్ల మంది దాని గుమ్మం దగ్గర ఉన్నారనీ భారత వైద్య పరిశోధన మండలి సర్వే 2023లో చెప్పింది. గుమ్మం దగ్గరున్నవాళ్ళు వెనక్కి తిరగొచ్చు. డబ్బాలు అమ్మేవాళ్ళు వెతికేదీ వాళ్ళనే.

ఆ ఇంట్లో తీపి ఒక్కసారిగా ఆగిపోలేదు. టీలు నాలుగు నుంచి రెండయ్యాయి, చెంచాలు రెండు నుంచి సగానికి దిగాయి. మొదటి పది రోజులు పెద్దాయన “ఇది టీయా, గంజా?” అని గొణిగారు. పదకొండో రోజు నుంచి గొణగడం తగ్గింది. నాలుక్కి అలవాటు చేసింది అలవాటే మాన్పుతుంది. మనవడితో బేరం ఇంకా సాగుతోంది. వారానికి ఒక్క సీసా అన్న దగ్గర ఆగింది.

కార్తీకమాసంలో విశాఖ జనం ఉసిరిచెట్టు వెతుక్కుంటూ వనభోజనాలకి వెళతారు. చెట్టుకి దండం పెట్టి, దాని నీడలో విస్తర్లు పరుస్తారు. బొబ్బట్లు, పాయసం, మాడుగుల హల్వా, పిల్లలకి కూల్‌డ్రింకులు. విస్తరి చివర, వేలితో అద్దినంత ఉసిరికాయ పచ్చడి. ఆ చెట్టు కింద కూర్చోమన్న పెద్దల మాట నిలబడింది. ఇక విస్తరిలో ఆ పచ్చడి కాస్త ముందుకీ, పాయసం కాస్త వెనక్కీ జరగాలి. పెద్ద ఖర్చేం కాదు. చెయ్యి జరిపితే సరిపోతుంది.